ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?

అలా కసురుకుంటే ఎలా వదినా? చేతులు చాచమన్నది నేను కాదు, రూలు. చాచండి. ఇంకొంచెం. ఆఁ, అలా. మీ గుమ్మంలోకి ఎవరో చందా అడగడానికొచ్చినట్టు ఆ చూపేమిటండీ? నేనే నయం, పక్క తెర వెనకాల ఉన్నావిడ చేతికి చిక్కితే తెలిసేది.

అయ్యో, గుర్తుపట్టలేదా! వదినా అని పిలిచినా కూడానా? సరేలెండి, ఈ యూనిఫాం, ఈ బూట్లు, ఈ కత్తిరించిన జుట్టు... మీ తమ్ముడి మొదటి భార్యనండీ. ఆఁ, నేనే. బతికే ఉన్నాను. కూర్చోమనడానికి ఇక్కడ కుర్చీ లేదు. ఆ చెక్కపీట మీదే నిలబడండి, దిగకండి.

తొందరగా ఉందా? తెలుసులెండి. లైన్లో మీ ముందున్నావిణ్ణి దారివ్వమని బతిమాలుకుంటుంటే విన్నాను. అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఈ పూటో రేపో అన్నట్టుంది, కూతురేదీ కూతురేదీ అని అడుగుతోంది, ఈ విమానం తప్పితే మళ్ళీ రేపే. పాపం! మా అత్తగారికి మనుషుల్ని అడిగే ఓపిక ఇంకా ఉందన్నమాట. గొంతు ఎప్పుడూ గట్టిదే.

ఈ మిషనెందుకో కుయ్యిమంటోంది! గొలుసా? తియ్యండి. గాజులు కూడా. చెప్పులు కూడా. విడ్డూరంగా ఉంది కదండీ? నాకూ ఉండేది. మీకు గుర్తుందా, నా పెళ్ళైన కొత్తలో, మీరు మీ అత్తారింటికి బయల్దేరితే (ఏడాదికోసారి చుట్టపుచూపుగా వెళ్ళేవారు కదా!) ఇంటిల్లిపాదీ విమానం నిచ్చెన దాకా నడిచొచ్చాం. మీ చేతిసంచి నేనే మోశాను. అందులో ఏముందని అడిగిన నాథుడు లేడు. మామగారైతే నిచ్చెనెక్కి లోపల తల పెట్టి, మీ సీటు కిటికీ పక్కదో కాదో చూసి మరీ దిగారు.

నేను ఈ ఉద్యోగంలో చేరేసరికి ఒక తలుపు చట్రం, చేతిలో ఈ కర్ర. అంతే. సంచిలో పళ్ళు కోసుకునే చాకు కనిపిస్తే "వేలు తెగుతుందమ్మా, జాగ్రత్త" అని పంపేవాళ్ళం. ఆ తర్వాత ఎవడో చెప్పులో మందుగుండు పెట్టుకొచ్చాడట, లోకమంతా చెప్పులు విప్పింది. ఇంకెవరో సీసాల్లో తేబోయారట, అప్పట్నించి మంచినీళ్ళను కూడా నమ్మడం మానేశాం. చంటిపిల్ల పాలసీసా తల్లి చేతే తాగించి చూశాను నేను. ఎవడో చేసిన పాపానికి అందరి ఒళ్ళూ తడుముతున్నాం. నా చేతులు చూడండి, ఎంతమంది నడుములు ఎరుగుదునో ఏ దర్జీకీ తెలియదు.

కదలకండి. కదిలితే మళ్ళీ మొదట్నించీ.

నాకిదేం కొత్త కాదు వదినా. విమానాలకే తనిఖీ లేని రోజుల్లో నాకు తనిఖీ ఉండేది. పుట్టింటికి బయల్దేరితే చాలు, హాల్లో పెట్టె తెరిపించి చీరచీరా దులిపేవారు. మీ అమ్మగారు కుర్చీలో, మీరు నేల మీద. ఆడపడుచు అర్ధమొగుడంటారు. మన ఇంట్లో ఆ అర్ధమే మొత్తం! లోపావడాల మడతలు కూడా విప్పారు మీరు. నేనైతే చేతులకి తొడుగులేసుకుని ముట్టుకుంటున్నాను. ఆ మర్యాద కూడా లేదు మీకు.

ఆఖరిసారి నా పెట్టెలో మీ గొలుసు దొరికింది. ఎలా వచ్చిందో మీకు తెలుసు, నాకూ తెలుసు. మీ తమ్ముడు గొలుసు చూశాడు, మీ మొహం చూశాడు, నా మొహం మాత్రం చూడలేదు. ఆ పెట్టెతోనే గడప దిగాను. దొంగ అని ముద్రపడ్డ ఆడదానికి జనం సంచులు వెతికే ఉద్యోగం! దేవుడికి వేళాకోళం ఎక్కువండీ.

ఏడుస్తున్నారా? ఏడవండి. సీసాలో పోసుకెళ్ళనంత వరకూ కన్నీళ్ళకి రూలు లేదు.

ఏమిటీ? క్షమించాలా? ఈ పీట ఎక్కాకే గుర్తొచ్చిందా ఆ మాట? లేదు లేదు, వింటున్నాను, చెప్పండి. ఊఁ. "అప్పటి బుద్ధి అలాంటిది." ఊఁ. "అమ్మ చెయ్యమంటే చేశాను." ఆహా! చేయించింది తల్లి, చేసింది కూతురు, అనుభవించింది నేను. బాగా పంచుకున్నాం.

సరే, ఇక పెట్టె. ఎక్స్‌రే దగ్గర్నించి ఇక్కడికే తెప్పించాను. తెరిచేముందు ఒక ప్రశ్న అడగాలి, అందరినీ అడిగేదే. ఈ పెట్టె మీరే సర్దుకున్నారా? మీకు తెలియకుండా ఇందులో ఎవరైనా ఏమైనా పెట్టారా?

ఎంత మంచి ప్రశ్నో చూడండి! ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగుండ. ఆ రోజు మీ హాల్లో ఒక్కరంటే ఒక్కరు నన్నీ ముక్క అడిగుంటే... అడగలేదు. మిమ్మల్ని అడుగుతున్నాను. తల ఊపితే చాలదు, నోటితో చెప్పాలి. బాగా ఆలోచించుకోండి. మీ కోడలేమైనా పెట్టిందా? మంచిదేనా మీ కోడలు? మీ పెట్టె దాని చేతికి ఎప్పుడైనా ఇచ్చారా? అదుగో, మైకులో మీ విమానానికే పిలుస్తున్నారు. ఆఖరి పిలుపు. పరవాలేదు, నిదానంగానే చెప్పండి. మళ్ళీ అడుగుతున్నాను, ఇందులో ఎవరైనా ఏమైనా...

ఏమన్నారు?

"ఏం పెడతారే, బాంబు పెడతారా?" అన్నారా?

అయ్యయ్యో, ఎంత మాటన్నారు వదినా! గోడ మీద అంతంత అక్షరాలతో రాసుంది, ఆ మాట ఇక్కడ సరదాకైనా అనకూడదని. ఇదివరకు అనేవాళ్ళు, మేమూ నవ్వేవాళ్ళం. "ఈ డబ్బాలో బాంబుందమ్మా, మా ఆవిడ వంట" అని ఒకాయన ప్రతిసారీ అనేవాడు. ఇప్పుడు నవ్వులాట కాదది. నేను పై అధికారిని పిలవాలి, ఆయన పోలీసుల్ని పిలవాలి, వాళ్ళు కుక్కని తేవాలి. మిమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి అడుగుతారు. అడిగిందే అడుగుతారు. విమానం మీ కోసం ఆగుతుందా?

అమ్మాయ్! ఎక్స్‌రే దగ్గర అమ్మాయ్! సార్‌ని పిలువమ్మా. ఈవిడ ఆ మాటన్నారు. ఆఁ, నా చెవులారా విన్నాను.

కాళ్ళు వదలండి, బూట్లకి పాలిష్ పోతుంది. లేవండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మీ నోటి సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

సార్ వచ్చేలోగా ఒక మాట చెప్పనా? ఆ ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగరు వదినా. సామాన్లు తూచేచోటే అడిగేస్తారు, మీరు అక్కడ జవాబు చెప్పేసే వచ్చారు. నేను కావాలని అడిగాను. ఎక్కడ గిల్లితే ఎలా అరుస్తారో తెలిసే అడిగాను. మీరన్నది విన్నదాన్ని కూడా నేనొక్కదాన్నే. మొన్నొక ముసలావిడ విసుగెత్తి అదే మాటంది. "ష్, ఇంకెక్కడా అనకమ్మా" అని వీపు తట్టి పంపించాను.

నిన్నూ అలాగే పంపించొచ్చు. సార్ ఇంకా అంత దూరంలో ఉన్నారు. "నేనే తప్పుగా విన్నాను సార్" అంటే చాలు, పరిగెత్తితే అందుకుంటావు కూడా. నీ మొహం చూశాను. అక్కడ మంచం మీద గుమ్మం కేసి చూస్తూ పడుంటుంది కదా మీ అమ్మ, ఆ మొహం కూడా తలుచుకున్నాను. జాలేస్తుందేమోనని కాసేపు ఆగాను.

వెయ్యలేదు వదినా. ఏం చెయ్యమంటావు?

రండి సార్. ఈవిడే.