మూడో ఓటు

"అమ్మమ్మా, మనూళ్ళో అవతలి పార్టీకి అప్పట్లో ఎవరేసేవాళ్ళు?" అనడిగావు, బానే ఉంది. ముందా ఫోను బోర్లా పెట్టు. ఎవరడగమన్నారు నిన్ను? ఎవరూ కాదా? సరే, నమ్మాననుకో.

అసలు మనూళ్ళో అవతలి పార్టీ ఎక్కడిదే? ప్రెసిడెంటు గారిదే పార్టీ, ఆయనదే ఊరు, ఆయన షెడ్డులోనే పని. పెడన పక్కనే కదా, ఊరంతా మగ్గాలు. కలంకారీ అచ్చులేసేది మాత్రం మన ఇల్లొక్కటే, మీ తాతా నేనూ. చెక్క అచ్చు గుడ్డ మీద తిన్నగా ఆనించి, పైన పిడికిలితో దబ్బుమని గుద్దాలి. లేకపోతే రంగు పట్టదు. ఇహ ఆ చెయ్యి అన్నిటికీ అలవాటైపోద్ది. మా ఆడపడుచు అనేది, "వదినా, నువ్వు బొట్టు కూడా గుద్దే పెట్టుకుంటావు" అని. పాపం, అదీ పోయింది. ఆఁ, ఏం చెప్తున్నా?

పంచాయతీ ఎలక్షన్లు. అప్పుడు కాగితాలేగా, రబ్బరు ముద్ర వెయ్యడం. సాయంత్రం బళ్ళోనే లెక్కపెట్టారు. ప్రెసిడెంటు గారి మీద నిలబడ్డ అవతలాయనకి మూడొచ్చినై. ఒకటి ఆయనది, ఒకటి వాళ్ళావిడది. మరి మూడోది? ఏజెంటుగా కూర్చున్న ప్రెసిడెంటు గారి బావమరిది మెడ సాచి చూశాట్ట. ముద్ర గడికి నడిమధ్యన, తిన్నగా, కాగితం వెనక్కి దిగేలా ఉంది. "ఇది అచ్చులేసే చెయ్యి" అన్నాడు. అంతే. మర్నాడు షెడ్డు గుమ్మంలోనే ఆపేశారు మమ్మల్ని.

ఇంట్లో చూడాలి అప్పుడు! నేను ఆయన్ని చూడ్డం, ఆయన నన్ను చూడ్డం. "నువ్వేనా?" "మీరేనా?" బందరు కూలికెళ్ళేవాళ్ళం. బస్సు టిక్కెట్టు పావలా... కాదు, ఇంకా తక్కువేనేమో, అదీ లేక నడిచొచ్చిన రోజులున్నై. కడుపు మండిపోయేదనుకో.

మళ్ళీ ఎలక్షన్లొచ్చినై. మగ్గాల వీధి ఆడాళ్ళు వచ్చారు నా దగ్గరికి. కూలి పెంచమంటే ప్రెసిడెంటు గారు తిట్టాడని వాళ్ళకీ కోపం. "అక్కా, మాకూ ఆ గుద్దడం నేర్పు, ఏది నీ చెయ్యో ఎవడు చెప్తాడో చూద్దాం" అన్నారు. నేను నమ్మలా. వీళ్ళల్లో ఎవత్తి పోయి ప్రెసిడెంటు గారికి మోస్తుందో అని భయం. అయినా పాత అచ్చు తీసి నేర్పా.

ఓట్ల రోజు పొద్దున్నించీ ముద్రలేసే అట్ట చాటున ఒకటే దబ్బు దబ్బు. బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. గెలిచింది ప్రెసిడెంటు గారే లే. కానీ అవతలాయనకి కుప్ప పడ్డై, అన్నీ గుద్దినవే! ఇహ అది నా చెయ్యే అనడానికి లేదు, అందర్నీ మానిపిస్తే గుడ్డ నేసేదెవరు? మర్నాడే కబురొచ్చింది, అచ్చులకి రమ్మని.

ఆ మూడోది ఎవరిదంటావా? మీ తాత పోయేదాకా చెప్పలా. నేనూ చెప్పలా. అలాగే కాపరం చేశాం, బానే చేశాం.

నీకిది మొదటి ఓటు కదూ? ఎవరికేస్తావో నాక్కూడా చెప్పకు. చల్లగా ఉండు తల్లీ. ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు... ఆ ఎర్ర చుక్కేంటే, పక్కన అంకెలు పరిగెడుతున్నై?