కోడల్ని తీసేయమన్నారు

టీవీలు రాని రోజులు. చికాగో రేడియోలో హాస్యనాటిక ప్రత్యక్షప్రసారం ముగిసింది. అత్త పాత్రధారి మంచులో చిక్కుకుపోవడంతో కొత్త నటి ఒక్కతే అత్తాకోడళ్ళ గొంతులు రెండూ పలికింది. ఫోను పట్టుకున్న దర్శకుడు ఆమెను స్టూడియో పక్కనున్న తన గాజుగదిలోకి పిలిచాడు.

“అమ్మాయ్, ఫోన్లో మన నాటికకు డబ్బిచ్చే సబ్బుల కంపెనీ యజమాని!”

“నచ్చిందంటారా సార్? ఇవాళ నచ్చితేనే నాకు ఉద్యోగమన్నారుగా.”

“అత్త అద్భుతమట. కోడలి గొంతులో పస లేదట, తీసేయమంటున్నాడు.”

“రెండూ నేనేనని చెప్పలేదా?”

“చెప్తే నమ్మట్లేదమ్మా! మైకుకు దూరం జరిగి అరిచావుగా, పక్కగదిలో నిజంగా ముసలమ్మ ఉందనుకుంటున్నాడు.”

“ఫోనిటివ్వండి... ఏమయ్యా సబ్బులాయనా! నా కోడల్ని తీసేస్తే నేనెవర్ని సాధించాలి? ఉండు, అదే వస్తోంది... నేనండీ, కోడల్ని. మా అత్తగారిది కాస్త నోరు పెద్దది, ఏమనుకోకండి.”

“పగలబడి నవ్వుతున్నాడే! ఏమంటున్నాడు?”

“ఇద్దరికీ ఉద్యోగమేనట సార్!”