కడిగిన మెట్ల మీద ముగ్గు

"అవ్వా, జర్మనీకి పోయినా మనోళ్ళు మనోళ్ళతోనే గుంపు కడతారంట గదా? ప్రపంచ పౌరులు కావాల్సినోళ్ళు చుట్టూ గోడలు కట్టుకుంటే ఎట్లా?"

అబ్బా, మైకులో మాట్లాడినట్లే మాట్లాడతావే పాపా! కూర్చో, చెప్తా. నేను పోయింది మీ చిన్నత్త శైలజ కాన్పుకు గదా. ఆ గుంపు లేకుంటే నాకు రాగిపిండి యాడ దొరికేది? అంతా మన పక్క ఊళ్ళోళ్ళే, బాగేపల్లి ఆయప్ప ఒకడు, చింతామణి ఊరి మొగుడూపెళ్ళాలు, మండికల్ పిల్ల ఒకతి. శనివారమైతే అందరూ వచ్చేస్తారు. అనపగింజలు నానేసుకోని, కింద కూర్చోని తోలు ఊడేట్లు పితుకుతారు. రాగిముద్దలోకి ఆ పితికిపప్పు పులుసు. ఆడ గుప్పెడు గింజలకు పెట్టే దుడ్డుకి మన చిక్కబళ్ళాపురం మార్కెట్లో మూటెడు కాయలొస్తాయి. నా చిన్నప్పుడైతే కొనేదే లేదు, మా నాయన చేన్లోనే... సరే, అది వద్దులే.

యేం చెప్తాంటి? ఆ. శనివారం పోతే మళ్ళా శనివారమే వాళ్ళు. ఊరికి ఆ కొనాకుంటారు. అల్లుడు ఆఫీసుకు పోతే బిడ్డ నెత్తుకోని శైలజ ఒకతే. వీసా అయిపోతే నేను వచ్చేయల్ల. ఏదన్నా అయితే ఈ పిల్ల ఎవురి తలుపు తడతాదబ్బా అని, అదే నా బెంగ. ఆ అపార్ట్‌మెంట్లోనే ఎదురింట్లో ఒక ముసలామె ఉండాది, ఒంటి మనిషి. పేరేమే అంటే మీ అత్తకు తెలీదు! "ఏమోమ్మా, హలో అంటాది, పోతాది" అనింది.

నాకు ఊరికే ఉండబుద్ధి అయితాదా? తలుపుకుండే కన్నంలోనుంచి చూస్తాంటి, ఆమె ఏం తెచ్చుకుంటాదో, ఎవురొస్తారో అని. నవ్వొద్దు! ఒక శుక్రవారం ఆయమ్మ బకెట్టు తెచ్చి మెట్లన్నీ కడిగింది, మా వాకిలి గూడా. కడిగింది గానీ ముగ్గెయ్యలా. మన పక్క కడిగిన వాకిట్లో ముగ్గు లేదంటే ఏమనుకుంటాము? ఇంట్లో ఎవురో పోయినారేమో అని. చూస్తే ఏడుపు లేదు, వచ్చీపోయేవాళ్ళు లేరు. పాపం, వంగలేక వదిలేసింటాది అనుకోని, తెల్లారి బియ్యప్పిండితో మా వాకిట్లో ఒకటి, ఆమె వాకిట్లో ఒకటి, చుక్కలు పెట్టి నిండా ఏసినా.

ఆమె తలుపు తీసింది, చూసింది. మొగం ఎర్రగా అయిపోయింది. ఏమేమో అరిచింది, నాకొక్క మాట అర్థమైతే ఒట్టు. శైలజ నన్ను లోపలికి లాగి తలుపేసేసింది.

మధ్యాన్నం గుంపంతా ఆ పిండి తొక్కుకుంటానే వచ్చినారు. చింతామణాయప్ప అంటాడు, "వాళ్ళింతేనమ్మా, మనల్ని చూస్తే పడదు వాళ్ళకి. మన పాటికి మనముందాం." అందరూ తలకాయలూపుతా పప్పు పితుకుతాండారు. నేనన్నా, "అప్పా, ఆమె ఏమని తిట్టిందో ఎవురన్నా అడిగినారా?" నేను బకెట్టూ గుడ్డా ఎత్తుకోని పోయినా. "అమ్మా, పరువు తీయొద్దే" అంటానే బిడ్డ నెత్తుకోని నా ఎనకాలే మీ అత్త.

నేను తుడుస్తాంటే ఆమె వచ్చి నిలబడింది. మీ అత్త ఫోన్లో చూసుకుంటా, తడబడతా ఏదో అడిగింది. ఆమె తన తలుపుకు తగిలించుండే పలక చూపించింది. అది ఏ తలుపుకుంటే ఆ వారం మెట్లు కడిగే వంతు వాళ్ళదంట. కష్టపడి కడిగిన మెట్ల మీద పిండి పోస్తిమని ఆమె కోపమంట. మరి మా వంతెప్పుడు అంటే, బిడ్డను చూపించి, కడుపు చూపించి ఏదో అనింది. నేను శైలజ పక్క తిరిగితి. "యేమంటాదే?" అన్నా.

"మేము ఈ ఇంట్లో చేరేటప్పుడే కడుపుతో ఉంటి గదమ్మా. అది చూసి అప్పట్నుంచీ మా వంతు గూడా ఆమే కడుగుతాండాదంట."

ఇంగ ఆగుతానా? ఆ పలక పీకి మా తలుపుకు తగిలించినా. ఆమె పేరు హెల్గా. లోపలికి పిలిస్తే వచ్చింది, కింద కూర్చోలేక కుర్చీలో కూర్చోని తనూ పితికింది. గింజ ఎగిరిపోయి చింతామణాయప్ప కళ్ళద్దాలకు తగిలింది! మొన్న బిడ్డకు జరమొస్తే శైలజ మందుకు పోయొచ్చేదాకా ఆమే ఎత్తుకోని కూర్చునిందంట.

గుంపును తిట్టొద్దు పాపా, రాగిపిండి తెచ్చింది వాళ్ళే. అదుండనీ, బెంగుళూరు పీజీలో నీ గదిలో ఎవురెవురుంటారు? ...అందరూ చింతామణి పిల్లోళ్ళేనా! ఎదురు గది పిల్ల ఏ ఊరిది? ...తెలీదా?

అట్లనా. సరే, నువ్వు ఎత్తుకుపోయే కరకర నిప్పట్లు ఇంగో పొట్లం ఎక్కువే కట్టిస్తా, పోయిన ఎంటనే ఆ పిల్ల తలుపు తట్టు. చల్లగుండు తల్లీ, ఏ ఊరికి పోయినా నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో ఉండల్ల... డబ్బా యాడ పెడితినే...