నతానియేలు పేరు మీద

మే నెల మధ్యాహ్నం. విస్సన్నపేట దగ్గర మామిడితోటలో కాయలు మాగబెట్టే పాక. కోత కూలీలు అన్నాలకి వెళ్ళారు. నతానియేలు పోయాక ఇదే మొదటి కోత. అతని భార్య వినీల, బడిలో టీచరుగా చేస్తున్న మరిది కిరణ్ కుమార్‌ని గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టి, చనిపోయిన మొగుడి ఫోనుని అతని ముఖం ముందు పట్టుకుంది. అత్తగారు సవరమ్మ కాయల మధ్య గడ్డి సర్దుతోంది.

“కదలకు కిరణ్. ఇంకొంచెం ఇటు తిరుగు, వెలుతురు పడాలి.”

“వదినా, నా మాట వినండి. ఇది కుదరదు.”

“కుదిరేదీ లేనిదీ చూశాక చెబుదువుగాని.”

“అవతల ఉన్నది మనిషి కాదు, మెషీను. అన్నయ్య ముఖం చూపించమంటే నా ముఖం చూపిస్తే ఇట్టే పట్టేస్తుంది.”

“మీ ఇద్దరికీ తేడా ఏముంది? భూస్థాపన రోజు సమాధుల తోటలో నిన్ను చూసి నేనే ఉలిక్కిపడ్డాను. ఒక్క కళ్ళజోడే కదా, అది తీసెయ్.”

“వదిలెయ్యి వినీలా. వాడు వద్దంటుంటే ఎందుకు?”

“మీరుండండి అత్తయ్యా. ఈ ఫోను మోగితే తీసేది మీరా, నేనా? షావుకారు చేశాడేమోనని ఆత్రంగా చూస్తే, ‘హాయ్ నతానియేల్, మిమ్మల్ని మిస్సవుతున్నాం. మీ చక్రం మీ కోసం ఆగి ఉంది. ఫ్రీ కాయిన్లు తీసుకోండి.’ ఈస్టరు రోజు సమాధి మీద పూలు పెడుతున్నాను, అప్పుడూ మోగింది. పక్కన అందరూ ఉన్నారు.”

“నంబరు మార్చెయ్యొచ్చుగా వదినా.”

“ఎలా మారుస్తాను? నూజివీడు నుంచి నున్న దాకా కాయ కొనేవాళ్ళందరి దగ్గరా ఉన్నది ఈ నంబరే. ఆయన పోయినా తోట నడుస్తోందంటే దీని వల్లేగా.”

“పోనీ ఇలా ఇవ్వండి, ఆ మెసేజ్‌లు రాకుండా బ్లాక్ చేస్తాను.”

“పక్కింటి గ్లోరీ చేత చేయించాను. ఇంకో నంబరు నుంచి వస్తున్నాయి. అకౌంటు మూసేస్తే గానీ ఆగవంది. సరేనని ఆ చక్రం తిప్పే జూదం యాప్ ఏదో ఇందులో వేయించి, మూసెయ్యండి బాబూ అని రాయించాను. డెత్ సర్టిఫికెట్టు కూడా ఫొటో తీసి పంపాను. ఏమని జవాబిచ్చారో తెలుసా?”

“ఏమన్నారు?”

“‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం నతానియేల్. మీ భద్రత కోసం, మీరు మీరేనని మేం తెలుసుకోవాలి. ఆధార్ రెండు వైపులా పెట్టి, కెమెరా ముందు కళ్ళు ఆర్పండి.’”

“చచ్చిపోయినోణ్ణి కళ్ళార్పమన్నారా తల్లీ?”

“అవునత్తయ్యా.”

“వదినా, గవర్నమెంటు ఈ ఆటలన్నీ ఆపేసిందిగా. నాలుగు రోజులాగితే వాళ్ళే మూసేసుకుని పోతారు.”

“ఇది ఎక్కడో పరాయి దేశంలోదంట. ఆట ఊరికే ఇచ్చే కాయిన్లతోనంట, బహుమతులు మాత్రం నిజం డబ్బంట. అందుకని ఎవరి రూలూ తగలదంట. నీకు తెలీదా?”

“నాకేం తెలుస్తుంది వదినా, నేనెప్పుడన్నా...”

“తెలిస్తే చెప్పమంటున్నాను, అంతే. కళ్ళజోడు తియ్యి.”

“తప్పు కదా వదినా. పోయిన మనిషి పేరు చెప్పుకుని...”

“దొంగతనం చేస్తున్నామా? వాళ్ళ దగ్గర పైసా అడిగామా? తలుపు వెయ్యమంటున్నాం. నీకు అన్నయ్య మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా ఈ ఒక్క పని చెయ్యి.”

“అలా అనకండి.”

“ఏమనమంటావు మరి? కౌలు డబ్బంతా ఈ చక్రంలో పోశాడు. ఆయనకి నా ముఖం చూడ్డానికి తీరిక ఉండేది కాదు. దీని ముందు మాత్రం బుద్ధిగా కూర్చుని, ఎడమకి తిరిగి, కుడికి తిరిగి, కళ్ళార్పి చూపించాడు. అది తల్చుకుంటేనే...”

“పోయినోణ్ణి ఇంకా ఎందుకమ్మా అనడం.”

“అనట్లేదత్తయ్యా. అనాల్సినవన్నీ బతికుండగానే అనేశాను. తియ్యి కిరణ్.”

“తీశాను. ఇక్కడ సిగ్నల్ కూడా సరిగా ఉండదు వదినా.”

“రెండు గీతలున్నాయి. చాలు. ఇదిగో, గుండ్రం వచ్చింది. ముఖం అందులో పెట్టు.”

“చిన్నోడా, నీకిష్టం లేకపోతే లేచి వచ్చెయ్యరా.”

“అత్తయ్యా! మీ కొడుకుని నేనేమన్నా కొరుక్కుతింటున్నానా? కదలకు. కళ్ళార్పమంటోంది. ఆర్పు.”

“ఆర్పాను.”

“మళ్ళీ. ఎడమకి తిరుగు. నీ ఎడమ కాదు, ఇటు. ఆ. ఇప్పుడు కుడికి. అయిపోయింది, ఉండు. తిరుగుతోంది... ఇంకా తిరుగుతోంది.”

“రాలేదు కదా. నేను ముందే చెప్పాను. కట్టెయ్యండి వదినా, కూలీలు వచ్చే వేళైంది.”

“ఆగు, ఆగు. పచ్చ టిక్కు పడింది! అత్తయ్యా, సరిపోయింది! ‘ధన్యవాదాలు నతానియేల్, మీ గుర్తింపు పూర్తయింది.’ నేను చెప్పలా? అచ్చం మీ అన్నయ్యవే నువ్వు. మెషీనుకే తెలీలేదు. ఏంటి, చెమటలు పడుతున్నాయేంటి నీకు?”

“ఉక్క వదినా. ఫోను ఇలా ఇవ్వండి, మూసేసి ఇచ్చేస్తాను.”

“ఉండు, ఇంకేదో అడుగుతోంది. ‘అకౌంటు తెరిచినప్పటి ఫొటో, ఇప్పటి ఫొటో. రెండూ మీవేనా?’”

“అవునని నొక్కండి. తొందరగా నొక్కండి, టైమైపోతే మళ్ళీ మొదటికొస్తుంది.”

“నొక్కుతాను, ఒక్క నిమిషం. ఆయన ఫొటో కదా. నా దగ్గర లేని ఫొటో. ఒక్కసారి చూడనీ.”

“వదినా, ఇటివ్వండి. వదినా...”

“లాక్కుంటావేంటి, పడిపోద్ది! చిన్నగా ఉంది, పెద్దది చేస్తే... ఇదేంటి. రెండూ నీవే ఉన్నాయేంటి?”

“ఇప్పుడే రెండు తీసుంటుంది.”

“ఇప్పుడు కళ్ళజోడు తీశావుగా. ఇందులో ఉంది.”

“అది... ముందు పెట్టుకున్నాను కదా, అప్పుడు తీసుంటుంది.”

“వెనకాల బ్లాక్ బోర్డు కూడా అప్పుడే వచ్చిందా? సుద్దముక్కతో లెక్క రాసుంది. ఈ పాకలో బ్లాక్ బోర్డు ఎక్కడుంది కిరణ్?”

“వినీలా, ఆ ఫోను లోపల పెట్టమ్మా. ముందు బయటున్న ఆ కలెక్టర్ రకం కాయల సంగతి చూడు, ఎండకి వాడిపోతున్నాయి.”

“మాట్లాడు కిరణ్.”

“ఏం మాట్లాడను వదినా.”

“ఇది మీ బడేనా?”

“వదినా, నేను...”

“మీ బడేనా?”

“ఆ.”

“ఆధారేమో ఆయనది. ముఖం నీది.”

“ఆధార్‌లో అన్నయ్య ఫొటో పాతదిగా వదినా, అప్పుడు అన్నయ్య ఇంకా... నాలాగే ఉండేవాడు. సరిపోయింది.”

“ఆయన ఇచ్చాడా నీకు?”

“సిమ్ము తీసుకోవాలన్నాను. ఎందుకని కూడా అడక్కుండా ఆధార్ ఇచ్చేశాడు. ఓటీపీ వచ్చింది, చెప్పన్నయ్యా అంటే చెప్పాడు.”

“మరి బ్యాంకులో డబ్బు? కౌలు కట్టాల్సిన డబ్బు?”

“బ్యాంకు పనులన్నీ నేనేగా చూసేవాణ్ణి. తిరిగి పెట్టేద్దామనుకున్నాను వదినా. నిజంగా. మొదట్లో ఊరికే కాయిన్లు ఇచ్చారు, సరదాగా ఆడాను. అవి అయిపోయాక డబ్బు పెట్టి కొన్నాను. నా ఉద్యోగం అప్పుడే పర్మినెంటైంది, నా పేరు మీద ఆడితే బడిలో తెలిసిపోతుందేమోనని... గెలిచాను కూడా వదినా. గెలిచింది ఇమ్మంటే ఇంకో కాగితం తెమ్మనేవాళ్ళు. అది పెడితే ఇంకోటి. ఈలోగా ఆడుతూ ఉండమనేవాళ్ళు. ఆడేవాణ్ణి.”

“నేను పాస్‌బుక్కు ఆయన ముఖాన విసిరికొట్టిన రోజు నువ్వెక్కడున్నావు?”

“ఇంట్లోనే.”

“ఇంట్లోనే. ఆదివారం చర్చిలో ఆయన ప్రభువు రొట్టె తీసుకోవడానికి బల్ల దగ్గరికి వెళ్తే, పాస్టరు గారు ‘నువ్వు వెనక్కి వెళ్ళు నతానియేలూ, ముందు ఇంట్లో సమాధానపడు’ అన్నప్పుడు ఎక్కడున్నావు?”

“వదినా...”

“రెండో వరసలో ఉన్నావు. నా పక్క వరస. నేను తలొంచుకున్నాను. నువ్వు పాటల పుస్తకం తిరగేస్తున్నావు. ఆయన అంత మందిలోంచి నడుచుకుంటూ పోయి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఎప్పుడూ లోపలికి రాలేదు, అక్కడే కూర్చునేవాడు. వానొచ్చినా అక్కడే.”

“నన్ను కొట్టండి వదినా.”

“నిన్ను కొడితే ఆయన లేస్తాడా?”

“వినీలా, గట్టిగా అరవకమ్మా. తోటలో ఎవరన్నా ఉంటే...”

“అరుస్తున్నానా నేను? అరవట్లేదత్తయ్యా. ఆయన మీద అరిచాను. వాకిట్లో నిలబెట్టి, వీధంతా వినేట్టు అరిచాను. జూదగాడా అన్నాను. నా పుట్టింటికి వెళ్ళి చెప్పాను. ఆ మనిషి ఒక్కటే అన్నాడు, ‘అయిపోయిందిలే వినీలా, మళ్ళీ సంపాదించుకుందాం’ అని. దానికీ ఒళ్ళు మండిపోయింది నాకు. చేసిందంతా చేసి ఎంత తీరిగ్గా చెబుతున్నాడో అనుకున్నాను.”

“ఇక చాలు వదినా.”

“పూత మీద మందు కొట్టడానికి వెళ్తూ, ఆ పొద్దున మంచినీళ్ళిమ్మన్నాడు. కుండ అక్కడే ఉంది, ముంచుకో అన్నాను. తాగాడో లేదో కూడా చూడలేదు. మధ్యాహ్నానికి ట్రాక్టరు మీద తెచ్చారు. గుండె ఆగిపోయిందన్నారు. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే కిరణ్. ముంచుకో.”

“నేనే చంపాను వదినా అన్నయ్యని.”

“నువ్వు చెప్పొద్దని బతిమాలావా? కాళ్ళు పట్టుకున్నావా?”

“లేదు. ప్రభువు సాక్షిగా లేదు. మీరు నిలదీసిన రోజు తలుపు చాటున నిలబడి విన్నాను. ఇప్పుడు నా పేరు చెప్పేస్తాడు, ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. చెప్పలేదు. తర్వాత నాతో కూడా ఏమీ అనలేదు. బడికి టైమైంది, బండి తీసుకెళ్ళరా అన్నాడంతే. అసలు అన్నయ్యకి తెలుసో తెలీదో, తెలిస్తే ఎందుకు మింగేసుకున్నాడో... ఇప్పటికీ నాకు తెలీదు వదినా. అడిగే ధైర్యం లేకపోయింది.”

“తెలీకుండా ఉంటుందా? తను ఆడలేదని ఆయనకన్నా తెలుసు కదా! ఆడలేదని ఒక్క మాట అనుంటే... పాస్టరుకి చెప్పకపోనీ. ఊరికి చెప్పకపోనీ. నాకు చెప్పాలి కదా? పక్కనున్న మనిషిని. పన్నెండేళ్ళు కాపురం చేసినదాన్ని. నన్ను అంత నమ్మలేకపోయాడా? నా నోటికి అంత భయపడ్డాడా?”

“నమ్మకపోవడం కాదమ్మా.”

“మీకేం తెలుసత్తయ్యా! మీరు కూడా నాలాగే గుడ్డిగా...”

“నాకు తెలుసమ్మా.”

“ఏం తెలుసు?”

“చిన్నోడు నిద్రపోతుంటే వాడి ఫోనులో ఆ చక్రం తిరుగుతా ఉంటే చూశాను. అడగలేకపోయాను. నువ్వు గొడవ చేసిన రోజు అర్థమైంది.”

“అమ్మా... నీకు తెలుసా?”

“నువ్వు ఊరుకో చిన్నోడా. పెద్దోడు అప్పుడే వంటింట్లో నా దగ్గరికొచ్చి, ఇది చిన్నోడి పనేనమ్మా అని, వాణ్ణి పిలుచుకొచ్చి నీ ముందు నిలబెడతానని బయల్దేరాడు వినీలా. నేనే అడ్డం నిలబడ్డాను. బైబిలు తెచ్చి, దాని మీద చెయ్యి పెట్టించాను. నీకు తోటుందిరా, పెళ్ళాం ఉంది. వాడికి ఆ ఉద్యోగం తప్ప ఏముంది, అది పోతే వాడు బతకడు, నువ్వు మొయ్యరా అన్నాను. సరేనన్నాడు. మారు మాట్లాడలేదు నా తండ్రి.”

“అత్తయ్యా...”

“ఒక్కటే అడిగాడమ్మా.”

“ఏమడిగాడు?”

“వినీలకి ఒక్కదానికి చెప్పుకోనివ్వమ్మా అన్నాడు. వద్దన్నాను.”