పచ్చడి సీసా మీద మాస్టారి ముఖం

సభకు అధ్యక్షత వహిస్తున్న మా పాస్టరు ఇమ్మానుయేలు గారికి, ముందు వరసలో ఉన్న పెర్సిస్ అమ్మగారికి, వారి అమ్మాయి ప్రీతికి, కలిదిండి నుంచి వచ్చిన దుర్గారాజు గారికి, ఇంత ఎండలో ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం నుంచి పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారమండి.

మన నెల్సన్ మాస్టారు పోయి ఈ రోజుకి పదకొండు రోజులు. తొమ్మిది సినిమాలకి సంగీతం చేసిన మనిషి. ఆ సినిమాలు వదిలేసి వచ్చి, ఇరవై రెండేళ్ళు మన చర్చిలో పిల్లలకి పాట నేర్పిన మనిషి. ఇక లేరు. ఆ మాట పైకి అనడానికి నాకింకా నోరు రావడం లేదండి.

నా పేరు నిరంజన్. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక నా డిజైన్ షాపు. హోటళ్ళకి, స్వీటు షాపులకి, బియ్యం బస్తాలకి, పచ్చళ్ళకి లోగోలు వేస్తాను. ఈ రోజు మాట్లాడేవాళ్ళ జాబితాలో నా పేరు లేదు. పాస్టరు గారిని బతిమాలితే ఐదు నిమిషాలిచ్చారు. ఐదు చాలవు. నేను చెప్పేది పూర్తయ్యేదాకా దయచేసి ఎవరూ మైకు కట్టెయ్యకండి. ఇప్పుడు ఆగిపోతే మళ్ళీ ఎక్కే ధైర్యం నాకు లేదు.

నేను మాస్టారిని పొగడటానికి ఎక్కలేదండి. ఒక ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎక్కాను. ఆ రోజు సమాధుల దగ్గర, అందరం మట్టి వేశాక, పెర్సిస్ అమ్మగారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. "నిరంజన్, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఆ సీసా మీద తన ముఖం వేయించుకోవడానికి ఆయన ఎందుకు ఒప్పుకున్నారు?" అని అడిగారు. నేను ఏం చేశాను? చెప్పులు సర్దుకుంటున్నట్టు వంగిపోయాను. అలా వంగే అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఏ సీసానో మీలో చాలామందికి తెలుసు. రొయ్యల పచ్చడి సీసా. పసుపు లేబులు, ఎర్ర గుండ్రం, గుండ్రంలో కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతున్న మన మాస్టారు. ఏలూరు బస్టాండులో ఉంది. భీమడోలు స్టేషన్ బయట ఉంది. ఇదిగో, ఈ హాలు గుమ్మం దగ్గర బల్ల మీద మూడు వందల సీసాలున్నాయి. మాస్టారి జ్ఞాపకంగా తలా ఒకటి ఇచ్చి పంపుదామని దుర్గారాజు గారు తెప్పించారు. మంచి మనసుతోనే తెప్పించారు. కానీ అమ్మగారు ఇంటికి వెళ్ళాలంటే ఆ బల్ల పక్కనుంచే వెళ్ళాలి కదండీ. అందుకే, మీరు ఈ హాలు దాటకముందే నేను చెప్పెయ్యాలి.

ఏంటి వీడు, సంతాప సభలో పచ్చళ్ళ గోల, అనుకుంటున్నారు కదూ? అనుకోండి. ముందు ఆయన ఎలాంటివారో రెండు ముక్కలు చెప్పనివ్వండి. పచ్చడి సంగతికి వస్తాను.

నా మొదటి లోగో ఒక స్వీటు షాపుది. అందులో ఆవు, కుండ, దీపం, వరి కంకి, నెమలి, ఉదయించే సూర్యుడు, అన్నీ పెట్టాను. కష్టపడ్డానని చూపించుకోవాలి కదా! తీసుకెళ్ళి మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఏమయ్యా, ఇందులో తినేదేది?" అన్నారు. నన్ను హార్మోనియం దగ్గర కూర్చోబెట్టి, రెండు అరచేతులతో మెట్లన్నీ ఒకేసారి నొక్కారు. చెవులు గింగురుమన్నాయి. "నువ్వు వేసింది ఇదీ" అన్నారు. తర్వాత ఒక్క వేలితో ఒక్క మెట్టు నొక్కి, చాలాసేపు పట్టుకున్నారు. నేను ఇంటికెళ్ళి ఆవుతో సహా అన్నీ పీకేసి ఒక్క లడ్డూ ఉంచాను. ఆ షాపు బోర్డు మీద ఇప్పటికీ అదే ఉందండి. నాకు పని నేర్పింది ఏ కాలేజీ కాదు, ఆయనే.

ఇంకొకటి. గంగమ్మ గారు, మూడో వరసలో ఉన్నారు, మీరు ఒక్కసారి చెయ్యెత్తండమ్మా. చూశారా? ఆవిడది కొల్లేటి లంక. మాస్టారు పదో సినిమా చేస్తున్నప్పుడు కొల్లేరు వచ్చి, ఒక పూటంతా దోనెలో కూర్చుని, ఆవిడ వల దులుపుతూ పాడుకునే వరస విన్నారు. ఆ వరస మీదే పాట కట్టారు. దర్శకుడికి నచ్చింది. అందరికీ నచ్చింది. తెర మీద పేర్లు రాసే రోజు వచ్చింది. మాస్టారు ఏమన్నారో తెలుసా? ఆ పాట వరస గంగమ్మ గారిదని వెయ్యాలన్నారు. ఆవిడెవరో ఎవరికి తెలుసు, మీ పేరే వేసుకోండి, ఆవిడకి ఓ చీర పెట్టండి అన్నాడు నిర్మాత. దానికి మాస్టారు, "చీర కూడా పెడతానండి. పేరూ వెయ్యండి" అన్నారట.

వెయ్యలేదు. మాస్టారు హార్మోనియం పెట్టె పట్టుకుని ఏలూరు రైలెక్కేశారు. ఆ సినిమా ఇంకొకరు చేసుకున్నారు. ఆ తర్వాత ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. ఒక్క మాట దగ్గర పట్టుబట్టినందుకు పాతికేళ్ళ సినిమా జీవితం అయిపోయిందండి! బాధపడ్డారా అంటే, పడ్డారు. నాతో ఒకసారి అన్నారు, పెద్ద ఆర్కెస్ట్రా ముందు నిలబడాలని ఇప్పటికీ ఉంటుందయ్యా అని. కానీ తను చెయ్యనిదాని మీద తన పేరు పడితే తనకి అన్నం సయించదన్నారు.

అలాంటి మనిషి, తను చెయ్యని పచ్చడి మీద ముఖం వేయించుకోవడానికి ఒప్పుకుంటారా? ఆలోచించండి. ఇరవై రెండేళ్ళు ఆయన్ని రోజూ చూసిన మనం ఎలా నమ్మేశామండీ? ఒక్కరికైనా అనుమానం రాలేదేం?

సరే. పచ్చడికొస్తున్నాను.

పోయిన ఆగస్టులో దుర్గారాజు గారు కొత్తగా పచ్చళ్ళ కంపెనీ పెడుతూ లోగో వెయ్యమన్నారు. మా పనిలో ఒక అలవాటుంది. నమూనా చూపించేటప్పుడు గుండ్రం ఖాళీగా ఉంచం. ఖాళీ గుండ్రం చూస్తే ఎవరికీ నచ్చదు. కంప్యూటర్లో ఉన్న ఏదో ఒక ముఖం అందులో పెట్టి చూపిస్తాం, నచ్చాక అది తీసేసి అసలు ముఖం పెడతాం. ఆ రోజు నా కంప్యూటర్లో, అంతకుముందు క్రిస్మస్ ఫ్లెక్సీ కోసం తీసిన మాస్టారి ఫొటో ఉంది. దాన్ని గీతల బొమ్మగా మార్చి పెట్టాను. దుర్గారాజు గారు చూసి కుర్చీలోంచి లేచారు. "అదిరిందయ్యా! ఇదే ఉంచు. వెళ్ళి ఆయన్ని అడిగి రా" అన్నారు. వినండి, అందరూ వినండి. అడిగి రమ్మన్నారు ఆయన. ఆయన తప్పు లేదు.

నేను వెళ్ళి అడిగాను. మాస్టారు కాఫీ ఇప్పించారు. బొమ్మ చూసి, బాగా వేశావన్నారు. పచ్చడి ఎవరు పెడుతున్నారని అడిగారు. కలిదిండిలో పాపమ్మ గారని, రొయ్యలు వలిచే దగ్గర్నుంచి తాలింపు దాకా అన్నీ ఆవిడ చేతి మీదే అవుతాయని చెప్పాను. "మరి ఆవిడ ముఖం వెయ్యవయ్యా. నేను ఒక్క రొయ్యైనా వలిచానా? నా ముఖం మాత్రం వద్దు" అన్నారు. ఎంత విడమరిచి చెప్పాలో అంత విడమరిచి చెప్పారు. నాకు అర్థం కాకపోవడం అంటూ ఏమీ లేదు.

నేను బస్సెక్కి కలిదిండి వెళ్ళాను. దుర్గారాజు గారు గుమ్మంలోనే ఉన్నారు. మాస్టారు ఏమన్నారయ్యా అని అడిగారు. నేను, "సరేనన్నారండి" అన్నాను.

అంతేనండి. ఆ ఒక్క మాటే నేను ఆడిన అబద్ధం.

ఎందుకన్నాను? ఆర్డరు పోతుందనా? కాదండి. నా జన్మలో నేను వేసినవాటిలో అదే మంచి లోగో. నాకు ఆయన నేర్పిందంతా అందులో ఉంది. ఆ ముఖం చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. నా బొమ్మ మీద నాకున్న మురిపెం కోసం, మాస్టారి మాట తొక్కేశాను.

అమ్మా, పెర్సిస్ అమ్మా. మీరు అడిగినదానికి ఇదీ జవాబు. ఆయన ఒప్పుకోలేదమ్మా. ఒప్పుకోలేదు. వద్దన్నారు. నేనే వేశాను.

వెనకవాళ్ళు కూర్చోండి. కూర్చోండి బాబూ. తర్వాత నన్ను ఏం చేసినా పడతాను. ఇంకా అయిపోలేదు. అసలైంది ఇంకా చెప్పలేదు.

సీసాలు బజార్లోకి వచ్చిన వారం, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఒకాయన గట్టిగా అన్నారు. "ఏవండీ మాస్టారూ, సినిమాలు లేక పచ్చళ్ళలోకి దిగారా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన ఎవరో చెప్పను, ఈ హాల్లోనే ఉన్నారు. నేను మాస్టారికి రెండడుగుల దూరంలో ఉన్నాను. మాస్టారు తల తిప్పి నా వైపు చూశారు. నేను చెబుతానని చూశారండి! నేను జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాను. అప్పుడు ఆయన, "పచ్చడి బాగుంటుందటండీ, తిని చూడండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

పాస్టరు గారూ, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. వ్యాపార ప్రకటనల్లో కనపడే మనిషి చేతిలో పిల్లల పాట ఉండకూడదని సంఘంలో కొందరు పట్టుబట్టారు. క్రిస్మస్‌కి పాట నేర్పే పని వేరేవాళ్ళకి ఇచ్చారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మాస్టారు వెనక బెంచీలో కూర్చుని ఆ పాట విన్నారు. పిల్లలు అలవాటు చొప్పున ఆయన వైపు చూసి పాట ఎత్తుకోబోతే, ఆయన తల దించుకున్నారు. మీరందరూ చూశారు. నేనూ చూశాను. మీకు తెలియదు. నాకు తెలుసు. అదీ తేడా.

ఆ మర్నాడు మాస్టారు మా షాపుకి వచ్చారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా అన్నారు. "నేను నోరు విప్పితే నీ దగ్గరికి ఎవరూ రారు నిరంజన్. నీ పిల్లలు చదువుకుంటున్నారు. నువ్వే చెప్పు. నీకెప్పుడు వీలైతే అప్పుడు చెప్పు" అన్నారు. ఇంట్లో కూడా చెప్పలేదా మాస్టారూ అని అడిగాను. చెబితే ఆవిడ ఊరుకోదు, నిన్ను నిలదీస్తుంది అన్నారు.

అమ్మా, ఎనిమిది నెలలు మీరు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదని నాకు తెలుసు. ఇంటి పరువు బజార్లో పెట్టారని మీరు ఆయన్ని అన్నారని కూడా తెలుసు. ఆయన మీ దగ్గర కూడా మాట పడ్డారు. నా కోసం పడ్డారమ్మా. నేను జనవరిలో చెబుతానన్నాను. తర్వాత ఈస్టరు వెళ్ళాక అన్నాను. ఈస్టరు వెళ్ళింది. సోమవారం తప్పకుండా చెబుతాను మాస్టారూ అని ఫోన్ చేశాను. శనివారం ఆయన గుండె ఆగిపోయింది. ఛీ! ఇంతకంటే నన్ను నేను ఏమనుకోను?

రాజుగారూ, మీతో కూడా అబద్ధం ఆడాను. నా షాపు బోర్డు పీకించినా, కేసు పెట్టినా మీ ఇష్టం. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ సీసాలు ఈ రోజు పంచకండి. మాస్టారు వద్దన్నారు. పోయిన మనిషి కాదనలేరని మనం ఆయన ముఖం వేసుకోకూడదు కదండీ.

ఆగండి. దారివ్వండి, దుర్గారాజు గారు లేచారు. ఎవరూ ఆయన్ని ఆపకండి. వెళ్ళనివ్వండి.

బల్ల దగ్గరికి వెళ్ళారు. సీసాలు అట్టపెట్టెల్లోకి సర్దుతున్నారు. మీరే సర్దాలా రాజుగారూ... గుమ్మం దగ్గరున్నవాళ్ళు ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి.

ఇంక నేను చెప్పేది లేదండి. నేను క్షమాపణ అడగడం లేదు. అది అడిగితే, ఇవ్వాలో వద్దో అన్న బరువు మళ్ళీ అమ్మగారి మీద పడుతుంది. రేపట్నుంచి మాస్టారు పచ్చళ్ళలోకి దిగారని ఎవరైనా అంటే, నా పేరు చెప్పండి. తాడేపల్లిగూడెం నిరంజన్ చేశాడని చెప్పండి. గంగమ్మ గారి పేరు కోసం సినిమాలు వదులుకున్న మనిషి, నా పేరు బయట పెట్టకుండా ఎనిమిది నెలలు నోరు బిగించుకుని వెళ్ళిపోయారని చెప్పండి.

ఆయన అంతకాలం మౌనంగా ఉన్నారు. మనం ఆయన కోసం రెండు నిమిషాలు ఉందాం. పెద్దవాళ్ళు, ఒంట్లో బాగాలేనివాళ్ళు కూర్చునే ఉండండి. అమ్మా, మీరు కూడా కూర్చోండి, మిగతావాళ్ళం...

లేదు, అమ్మగారు లేచారు. ప్రీతీ, చెయ్యి పట్టుకోమ్మా. పట్టుకోనక్కర్లేదంటున్నారు. ఆవిడ తనంత తానే నిలబడ్డారు.

ఇంకా కూర్చున్నామేంటండీ మనం? లేవండి.