మార్చ్‌పాస్ట్ ఛాంపియన్లు

బెజవాడ నుంచి ఉయ్యూరు వెళ్ళే బస్సులో ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. ఒళ్ళో బంతిపూల దండ పెట్టుకున్నాయన తల నుంచి కాళ్ళ దాకా వానకి తడిసి ఉన్నాడు. పక్కాయన చొక్కాకి ఇస్త్రీ కూడా నలగలేదు.

"దండ ఎవరికండీ? పెళ్ళికా?"

"మా కాలేజీ ఫుట్‌బాల్ కెప్టెన్‌కి కొన్నానండీ. కప్పేమో టౌను కాలేజీకి ఇచ్చారు."

"ఓడిపోయారా పాపం?"

"ఓడిపోతే నోరు మూసుకునేవాణ్ణి. చెరో గోలు కొట్టాక వాన ముంచేసింది. ఎల్లుండి మళ్ళీ ఆడించండయ్యా అంటే, కప్పిచ్చే పెద్దమనిషికి ఎల్లుండి తీరిక లేదట! అందుకని పొద్దున మార్చ్‌పాస్ట్‌లో ఎవరు బాగా నడిచారో వాళ్ళే ఛాంపియన్లని కమిటీ తేల్చింది."

"క్రమశిక్షణ కూడా ఆటలో భాగమే కదండీ."

"అయితే బంతి దేనికండీ, బ్యాండుమేళం చాలు! మావాళ్ళలో సగం మందికి బూట్లే లేవు. ఉత్తకాళ్ళతో బురదలో ప్రాణం పెట్టి ఆడారు."

"అదేనండీ, నడకలో అందరి బూట్ల చప్పుడూ ఒకేసారి రావాలి. మీవాళ్ళకి రాలేదు. అందుకే మార్కులు తగ్గించాం."

"తగ్గించామా? అంటే, కమిటీలో తమరు కూడా ఉన్నారా?"

"మెంబర్నండీ. న్యాయంగానే వేశాం."

"మరి ఆట చూశారా?"

"వాన మొదలవగానే లోపల కూర్చుని కాఫీ తాగాం. చూసిన మార్చ్‌పాస్ట్‌కి మార్కులు వేస్తాంగానీ, చూడని ఆటకి ఎలా వేస్తామండీ?"

"నిజమే. ఒంటి మీద చుక్క నీరు పడకుండా ఫైనల్ తేల్చేశారు. ఈ దండ మీకేనండీ. కాస్త మెడ వంచండి."