అక్క కోసం మార్చిన కారు సీటు

మా బావ టీ గ్లాసు పట్టుకుని గొంతు సవరించుకున్నాడంటే ఎదుటివాళ్ల టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం నేనూ, బట్టలు కుట్టే పెద్దమేస్త్రీ, టైర్లకు పంచర్లు వేసే ఆయనా టీ కొట్టు దగ్గర బావకి దొరికిపోయాం.

"మీ అక్కకి నడుం నొప్పి కదరా! రోజూ కార్లో ఆఫీసుకి దింపేసరికి అమ్మా అయ్యా అని మూలుగు. కొత్త సీటెందుకు, నాకు చేతుల్లేవా అనుకున్నా. పాత పరుపు కోసి, స్పాంజి నాలుగు పొరలు పరిచి, పాడైన సోఫాలోంచి ఆరు స్ప్రింగులు పీకి బిగించేశా. గంటన్నర పని! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు బావా. మొన్న చెప్పావు."

"మొన్న చెప్పింది సగమేరా! పక్కింటి పంతులమ్మగారు ఒక్కసారి కూర్చున్నారు. సందు మలుపు తిరగలేదు, గురక! బడి గంట కొట్టినా లేవలేదు. పిల్లలే పుస్తకాలు పట్టుకుని కారు చుట్టూ కూర్చున్నారు. అది విని నడుం డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. కూర్చున్నాడో లేదో, ఇరవై ఏళ్ల నొప్పి ఎగిరిపోయింది. 'ఈ సీటుంటే ఇంక నా దగ్గరికెవరొస్తారు' అని భోరుమన్నాడు!"

పెద్దమేస్త్రి నుదురు కొట్టుకున్నాడు. బావ ఆగితేగా!

"నిన్న స్పీడు బ్రేకరు చూసుకోలేదు. స్ప్రింగులు ఒక్క తన్ను తన్నాయి! ఎదురుగా వస్తున్న లారీ మీదుగా ఎగిరిపోయాం, కారూ నేనూ. పైన ఓ కాకి పక్కకి జరిగి దారిచ్చింది. చేతిలో కాఫీ చుక్క తొణికితే ఒట్టు!"

"దిగేటప్పుడు టైర్లు పేలలేదా?" అన్నాడు పంచర్లాయన విసుగ్గా.

"దూదిపింజలా వాలితే ఎందుకు పేలతాయయ్యా? రేపో మాపో విమానాలు చేసేవాళ్లు మా గుమ్మం ముందు..."

ఇంక నావల్ల కాలేదు. "బావా, అంత గొప్ప సీటైతే అక్క మూడు వారాలుగా బస్సులో నిలబడి ఎందుకెళ్తోంది?"

"పొద్దున్నే మీటింగులుట..."

"మీటింగులూ లేవు, మన్నూ లేదు. నీ సీటు ఎత్తుకి అక్క తల కారు పైకప్పుకి కొట్టుకునేది. మెడ వంచుకుని కూర్చుని కూర్చుని, నడుం నొప్పికి తోడు మెడ కూడా పట్టేసింది. ముచ్చటపడి చేశావు, చెబితే నొచ్చుకుంటావని ఊరుకుంది."

బావ మొహం వాడిపోయింది. గ్లాసు కింద పెట్టేసి, మొదటిసారి మెల్లిగా మాట్లాడాడు.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

పెద్దమేస్త్రి చల్లారిన టీ పారబోసి లేచాడు.

"చెప్పడానికి నువ్వు సందిస్తే కదయ్యా!"